మలినము పోవలెను, పోగు తెగరాదు



హిందూపురము ప్రాంతములో పట్టుగూళ్ల నుండి దారము తీయువారి పనిని దగ్గర నిలిచి చూచినవారికి ఒక సంగతి వెంటనే బోధపడును. గూటిలో పోగును పోగుతో అతికించియున్న జిగురు కరగినగాని దారము రాదు; జిగురు కరగుటకు వేడినీరు వలయును; ఆ వేడి కొంచెము మించెనా, లేక చేయి ఒక్క క్షణము తొందరపడెనా, వందల గజముల పొడవున ఏకముగా రావలసిన పోగు పుటుక్కున తెగి ఎందుకును కొరగాకుండ పోవును. నేటి నా ప్రసంగవిషయము పట్టు కాదు. అయినను, జీవకణములో దాగియున్న కేంద్రకామ్లములను, అనగా డి.ఎన్.ఎ., ఆర్.ఎన్.ఎ. అని మనము పత్రికలలో నిత్యము చదువుచున్న పదార్థములను, ప్రయోగశాలలో శుద్ధిచేయు విద్య ఈ దారము తీయు విద్యకు తోబుట్టువు వంటిది కావున, ముందుగా దానిని స్మరించితిని.

కణమనగా సామానుతో క్రిక్కిరిసిన చిన్న కొట్టు. అందు మాంసకృత్తులు, క్రొవ్వులు, చక్కెరలు, లవణములు ఒకదానినొకటి ఒరసికొనుచు ఉండును. మానవకణమొక్కటిలోని డి.ఎన్.ఎ. పోగులన్నింటిని కొసకు కొస చేర్చి సాగదీసినచో ఇంచుమించు 2 మీటర్లుండును. మందమో, ఒక మిల్లీమీటరులో 5 లక్షలవ వంతు మాత్రమే. అంత పొడవు, అంత సన్నము గల పోగు, కంటికి ఆనని కేంద్రకములో మాంసకృత్తుల కండెలకు చుట్టుకొని ఒదిగియుండును. దానిని వెలికి తీయవలెనన్న కణపు గోడలను పగులగొట్టక తప్పదు. పగులగొట్టిన మరుక్షణముననే, అంతవరకు ఆ కణములోనే వేరువేరు అరలలో అణగియున్న కత్తెరల వంటి ఎంజైములు బయటపడి, ఆ పోగును తునకలు చేయుటకు ఉపక్రమించును. ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడని మనవారందురు. ఈ విద్యలోని సగము నేర్పు ఆ ఇంటిదొంగను పట్టుటలోనే కలదు. కావున శుద్ధిచేయువాడు రెండు వ్రతములు ఏకకాలమున పట్టవలసియున్నది: అంటుకొనియున్న మలినము పోవలెను, పోగు తెగరాదు. మొదటి వ్రతమునకు బలము వలయును, రెండవదానికి మెత్తదనము వలయును. కేంద్రకామ్లముల చరిత్రయంతయు, నా బుద్ధికి తోచినంతవరకు, ఈ రెంటిని కూర్చుటకు మనుష్యులు పడిన పాటుల చరిత్రయే.

ఈ విద్యకు ఆద్యుడు స్విట్జర్లండు దేశీయుడైన ఫ్రీడ్రిష్ మీషర్. 1844లో బాసెల్ నగరమున వైద్యుని యింట జన్మించి, తానును వైద్యమే చదివి, వినికిడి చాలనందున రోగుల గుండెచప్పుడు వినవలసిన వృత్తి తనకు తగదని తలచి, ఆ యువకుడు 1868లో జర్మనీయందలి ట్యూబింగెన్ పట్టణమునకు పోయి ఫెలిక్స్ హోప్పె-జైలర్ అను రసాయనాచార్యుని కడ చేరెను. ఆచార్యుని ప్రయోగశాల కొండమీది పాతకోటలో ఉండెను. శిష్యునకు దొరకినది ఆ కోటలోని పూర్వపు వంటశాల. లోతైన కిటికీలు గల ఆ చల్లని గదిలో అతడు చేపట్టిన పదార్థము వినుటకు రోత పుట్టించును, అది చీము. ఊరి శస్త్రచికిత్సాలయము నుండి పుండ్లకు కట్టిన పట్టీలను తెప్పించుకొని, కుళ్లిన వాసన గలవానిని ఏరి పారవేసి, తక్కినవానిని కడిగి, ఆ కడుగునీటిలోని తెల్లకణములను అతడు సేకరించుచుండెను. తెల్లకణములు విడివిడిగా దొరకుటకు అంతకన్న సులభమైన తావు మనుష్యశరీరమున మరియొకటి అతనికి కనబడలేదు.

ఇందు నేను కొంచెము నిలిచి చెప్పదలచిన చిన్న సంగతి యొకటి కలదు. ఆ పట్టీలను కడుగుటకు ఏ నీరు వాడవలెనను ప్రశ్నకే అతడు ఎన్నో దినములు వెచ్చించెను. ఇతర లవణముల నీటిలో కణములు ఉబ్బి జిగటముద్దలయ్యెను. చివరకు, బాగుగా పలుచన చేసిన సోడియం సల్ఫేటు ద్రావణములో కణములు చెక్కుచెదరక విడివడి పాత్ర అడుగున చేరెను. అపకేంద్రయంత్రము ఆ గదిలో లేదు; పాత్రను కదపక ఓపికతో వేచియుండుటయే అతని యంత్రము. అటు తరువాత పలుచని ఆమ్లముతోను, వెచ్చని ఆల్కహాలుతోను కణముల పైపొరలను, క్రొవ్వులను తొలగించి, పంది జీర్ణకోశము నుండి తానే తీసిన పెప్సిన్ రసముతో మాంసకృత్తులను జీర్ణింపజేసి, మిగిలిన కేంద్రకములను క్షారములో కరగించి, ఆమ్లము చేర్చగా, తెల్లని అవక్షేపమొకటి విరిగి క్రిందికి దిగెను. పెప్సిన్‌కు అది జీర్ణము కాలేదు. అందు మాంసకృత్తులలో సాధారణముగా నుండు గంధకము లేదు. భాస్వరము మాత్రము మిక్కుటముగా నుండెను. ఇది ఎన్నడును ఎరుగని పదార్థమని గ్రహించి, కేంద్రకమునుండి పుట్టినది గావున, దానికి న్యూక్లియిన్ అని పేరు పెట్టెను. అది 1869వ సంవత్సరము.

ఆచార్యుడు శిష్యుని మాటను వెంటనే అంగీకరింపలేదు. తన చేతులతో ఆ ప్రయోగములన్నింటిని మరల చేసి, ఫలము తప్పదని తేల్చుకొన్న పిమ్మటనే, 1871లో తన పత్రికయందు ప్రకటించెను. రెండేండ్లు ఆగవలసివచ్చినందుకు మీషర్ నొచ్చుకొని యుండవచ్చును. అయినను ఇందు నాకు అన్యాయమేమియు కానరాదు. మలినమేదో అంటుకొని వచ్చి క్రొత్త పదార్థమువలె భ్రమింపజేసినదేమో అను సందేహము ఈ విద్యలో గౌరవనీయమైన సందేహము. మీషర్ తరువాత బాసెల్‌కు మరలివచ్చి, రైన్ నదిలో ఎదురీదుచు వచ్చు సాల్మన్ చేపల శుక్రకణములను చేపట్టెను. ఆ కణపు తల దాదాపు కేవలము కేంద్రకమే యగుటచేత అంతకన్న మేలైన ముడిసరుకు లేదు. పదార్థము చెడకుండుటకై చలికాలపు తెల్లవారుజామున, నిప్పు వేయని గదులలో పనిచేయుచుండెను. క్షయరోగమువాతబడి 1895లో, ఏబదియొకటవ ఏట, మరణించెను. అతడు సాల్మన్ శుక్రమునుండి తీసిన న్యూక్లియిన్, చేవ్రాతతో కూడిన చీటీ అంటించిన గాజుసీసాలో, నేటికిని ట్యూబింగెన్ విశ్వవిద్యాలయమున భద్రముగా నున్నది.

1889లో శాస్త్రజ్ఞుడైన రిచర్డ్ ఆల్ట్‌మన్ మాంసకృత్తులు లేకుండ ఈ పదార్థమును తీసి న్యూక్లియిక్ ఆమ్లమని, అనగా కేంద్రకామ్లమని, పిలిచెను. మలినము పోవుటకు మార్గము దొరకెను గాని, పోగు తెగరాదను రెండవ వ్రతము చాలకాలము భంగమగుచునే వచ్చినది. ఆనాటివారు తీవ్రమైన క్షారములతోను, ఆమ్లములతోను కణములను కాచి వడగట్టుచుండిరి. అట్లు దొరకినది తునకల రాశి. ఆ తునకలను తూచి, ఇది నాలుగే నాలుగు మూలఘటకములు ఒక్కొక్కసారి చేరిన చిన్న అణువని, వంశలక్షణములవంటి మహావిషయమును మోయుటకు దీనికి శక్తి చాలదని, ఫీబస్ లెవీన్ వంటి మేధావులు సిద్ధాంతము చేసిరి. పట్టుచీరను బండకేసి బాది, చిరుగుపేలికను చేతబట్టుకొని, చీర కొలత ఇంతేయని చెప్పినట్లయ్యెను. లెవీన్ అసమర్థుడు కాడు. ఆ పదార్థములోని చక్కెరలను గుర్తించిన ఘనత అతనిదే. అయినను శుద్ధిలోని మోటుతనము సిద్ధాంతములోనికి ప్రవేశించి, రెండుమూడు దశాబ్దములపాటు లోకమును పెడదారి పట్టించెనని నేను నిస్సంకోచముగా చెప్పుదును. స్వీడన్ దేశమున హమ్మర్‌స్టెన్, కాస్పర్సన్, స్విట్జర్లండున రుడాల్ఫ్ సిగ్నర్ మృదువైన పద్ధతులతో దూడల థైమస్ గ్రంథినుండి తీసిన డి.ఎన్.ఎ.ను పరీక్షించి, దాని అణుభారము 5 లక్షలకు, 10 లక్షలకు మధ్య ఉండునని 1938లో ప్రకటించినప్పుడు గాని, ఆ అణువు ఎంత పెద్దదో లోకమునకు తెలియలేదు.

శుద్ధియే వాదమునకు మూలమై, శుద్ధియే వాదమును తీర్చిన కథ న్యూయార్కు నగరమందలి రాక్‌ఫెల్లర్ సంస్థలో జరిగెను. న్యుమోనియా కలిగించు సూక్ష్మజీవులలో ప్రాణము తీయు తెగయు, నిరపాయకరమైన తెగయు కలవు. చంపివేసిన ఘోరజాతిని, బ్రతికియున్న సాధుజాతితో కలిపి ఎలుకలకు ఎక్కించినచో, సాధువులు ఘోరులగుచున్నవని, ఆ గుణము వాని సంతతికిని సంక్రమించుచున్నదని లండనులో గ్రిఫిత్ అను శాస్త్రజ్ఞుడు 1928లో కనిపెట్టెను. చచ్చినదానినుండి బ్రతికినదానిలోనికి దాటిపోవుచున్న ఆ పదార్థమేది? ఆస్వాల్డ్ ఏవరీ, కోలిన్ మెక్లియడ్, మెక్లిన్ మెకార్టీ అను మువ్వురు ఆ ప్రశ్నను భుజమున వేసికొనిరి. 75 లీటర్ల పోషకరసములో సూక్ష్మజీవులను పెంచి, వేడిచేసి వానిలోని కత్తెర ఎంజైములను మాన్పి, పైత్యలవణముతో కణములను విప్పి, క్లోరోఫారముతో మరల మరల కుదిపి మాంసకృత్తులను తొలగించి, పైతొడుగు చక్కెరను ఎంజైముతో జీర్ణింపజేసి, తుదకు ఆల్కహాలును బొట్టు బొట్టుగా చేర్చుచు గాజుకడ్డీతో త్రిప్పుచుండగా, ఒకానొక క్షణమున తెల్లని నారపోగులు పుట్టి ఆ కడ్డీకి చుట్టుకొనెను. చక్కెరలు, ఇతరములు ఆ ద్రావణములోనే నిలిచిపోయెను. అంత శ్రమకు దొరకినది 10 మొదలు 25 మిల్లీగ్రాములు. చిటికెడు కాదు, చిటికెడులో చిటికెడు. అయినను దానిని 60 కోట్ల వంతులుగా పలుచన చేసినను సాధుజాతిని ఘోరజాతిగా మార్చుచుండెను.

1944లో వారు ఈ ఫలితమును ప్రకటించినప్పుడు, అదే సంస్థలోని ఆల్ఫ్రెడ్ మిర్‌స్కీ ఒక ప్రశ్న వేసెను: మీ పదార్థములో నూటికి ఒకటి రెండు పాళ్లు మాంసకృత్తు మిగిలియుండలేదని ఏమి హామీ? ఆ కొంచెమే ఈ పని చేయుచుండరాదా? ఏవరీ వర్గమువారు మాంసకృత్తులను కోయు ఎంజైములు వేసి గుణము చెడలేదనియు, డి.ఎన్.ఎ.ను కోయు ఎంజైము వేసినంతనే గుణము నశించెననియు చూపిరి. అయినను సందేహము సమసిపోవుటకు ఏండ్లు పట్టెను. అరువదియైదేండ్లు దాటిన వయస్సున అంతటి నిజమును చేతికి చిక్కించుకొన్న ఏవరీకి నోబెల్ బహుమానము రాకపోవుట, ఆ బహుమానపు చరిత్రలోనే పూడని లోటని నా తీర్పు.

శుద్ధమైనదని చెప్పుట సులభము. కొలిచి చూపుట కష్టము. ఇక్కడ మన తెలుగువాని పేరు ఒకటి అవశ్యము చెప్పవలసియున్నది. మీషర్ కన్నుమూసిన 1895వ సంవత్సరముననే భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలోని హార్వర్డ్ వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేసి, 1925లో భాస్వరమును కొలుచుటకు ఒక వర్ణపద్ధతిని ప్రకటించెను. మాలిబ్డేటు చేర్చిన ద్రావణములో భాస్వరమెంత యున్నదో నీలిరంగు అంత చిక్కగా తేలును. ఆ చిక్కదనమును కొలిచినచో లెక్క దొరకును. కేంద్రకామ్లమునకు భాస్వరమే కులచిహ్నము. మాంసకృత్తులో నత్రజని దండిగా నుండును గాని భాస్వరము స్వల్పము. కావున నత్రజనికి భాస్వరమునకు గల నిష్పత్తి, శుద్ధమైన డి.ఎన్.ఎ.లో ఉండవలసిన 1.69కి దగ్గరపడిన కొలది మలినము తొలగుచున్నదని అర్థము. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి ప్రపంచమందలి జీవరసాయనశాలలలో దశాబ్దములపాటు నిత్యకృత్యమై యుండెను. నేడు అతినీలలోహితకాంతిని ప్రసరింపజేసి, 260 నానోమీటర్ల వద్ద ఎంత పీల్చుకొనెను, 280 వద్ద ఎంత పీల్చుకొనెనని చూచి, ఆ నిష్పత్తి 1.8 ఉన్నచో డి.ఎన్.ఎ. శుద్ధమని సంతృప్తిపడుచున్నారు. ఈ కాంతి కేంద్రకామ్లమును చూచినంత తీక్ష్ణముగా మాంసకృత్తును చూడజాలదు, కావున 1.8 వచ్చినంతమాత్రమున మాంసకృత్తు బొత్తిగా లేదని ప్రమాణము చేయుట తగదు. విద్యార్థులు ఈ మాటను మరువరాదు.

ఇక నా బల్లమీది పనిని గూర్చి కొంచెము చెప్పెదను. కణములపై డిటర్జెంటు ద్రావణమును పోసినంతనే, నీళ్లవలె జారుచున్న ద్రవము కోడిగ్రుడ్డు తెల్లసొనవలె చిక్కబడి తీగలు సాగును. ఆ సాగుటయే డి.ఎన్.ఎ. అఖండముగా విడుదలైనదనుటకు మొదటి శుభసూచకము. మున్ముందే ఇ.డి.టి.ఎ. అను పదార్థమును చేర్చియుంతుము, డి.ఎన్.ఎ.ను కోయు కత్తెరలకు మెగ్నీషియము ఆయువుపట్టు. ఇ.డి.టి.ఎ. ఆ మెగ్నీషియమును పట్టి బంధించును. ఈశ్వరునకు దొరకని ఇంటిదొంగ ఇట్లు రసాయనికునకు దొరకును. పిమ్మట ఫినాల్, క్లోరోఫారములను కలిపి, గొట్టమును విదిలింపక, పసిబిడ్డ ఊయలను ఊచినట్లు మెల్లగా అటునిటు వాల్చవలెను. అపకేంద్రయంత్రములో త్రిప్పి తీయగా, పైన తేటనీరు, క్రింద ఫినాల్, నడుమ పాలమీది మీగడవలె తెల్లని పొర కనబడును. ఆ మీగడ మాంసకృత్తు. మనకు వలసినది పైతేట. దానిని సన్నని మొన గల గొట్టముతో పీల్చినచో, ఆ ఒరపిడికే పొడవైన పోగులు తెగును. కావున మొన కోసి వెడల్పు చేసిన గొట్టముతో, మీగడను తాకకుండ తీయవలెను. ఆశపడి చివరి బొట్టు వరకు పీల్చువాడు మీగడను కూడ పీల్చును. అడుగున కొంచెము వదలివేయుటకు మనస్సు ఒప్పనివాడు ఈ పనికి పనికిరాడు.

ఆర్.ఎన్.ఎ. సంగతి మరింత సుకుమారము. నా విద్యార్థిదశలో, మొలకెత్తిన పెసలనుండి ఆర్.ఎన్.ఎ. తీయు పని నాకప్పగింపబడెను. రెండువారములు శ్రమించి, చివరి దినమున, గొట్టము మూత బిగుసుకొనగా వట్టి చేతి బొటనవ్రేలితో దానిని త్రోసితిని. మరునాడు చూడగా అందు తునకలే గాని పోగు లేదు. మన చేతి చెమటలోనే ఆర్.ఎన్.ఎ.ను కోయు రిబోన్యూక్లియేజ్ అను ఎంజైము ఉండును. అది నీళ్లతో మరిగించినను చావదు, చల్లారినంతనే తన ఆకృతిని తాను కూర్చుకొని మరల లేచును. పనిచేయుటకు దానికి మెగ్నీషియము సైతము అక్కరలేదు. మా గురువుగారు నన్ను మందలింపలేదు. క్రొత్త చేతితొడుగుల పొట్లమును నా ముందుంచి, పెసలు మరల నానబెట్టుమని చెప్పి వెడలిపోయిరి. ఆ రాత్రియే నానబెట్టితిని.

1990లో నెదర్లండు దేశీయుడైన బూమ్, అతని సహచరులు ప్రకటించిన పద్ధతి ఈ శ్రమను చాలవరకు తగ్గించెను. గ్వానిడీన్ థయోసయనేటు అను తీవ్రలవణము కణములను విప్పి కత్తెరలను నిర్వీర్యము చేయును. ఆ లవణసమక్షమున కేంద్రకామ్లము ఇసుకజాతికి చెందిన సిలికా రేణువులకు అంటుకొనును. ఆల్కహాలుతో కడిగి, వట్టినీరు పోసినంతనే రేణువులను విడిచి నీటిలోనికి దిగును. అరగంట పని. 2020లో మన ముక్కులలో పుల్ల పెట్టి తీసిన తడిలోనుండి కరోనా వైరసుయొక్క ఆర్.ఎన్.ఎ.ను వేరుచేసినది ఈ జాతి పద్ధతులతోనే. ఆ సరంజామా చాలక ప్రపంచమంతట పరీక్షలు వెనుకబడిన సమయమున, హైదరాబాదునందలి సి.సి.ఎం.బి. అను పరిశోధనసంస్థలోని శాస్త్రజ్ఞులు పొడిపుల్లను తెచ్చి, ఇ.డి.టి.ఎ. గల ద్రావణములో ముంచి, వేడిచేసి, శుద్ధి మెట్టును దాటివేసి నేరుగా పరీక్షించు పద్ధతిని రూపొందించిరి. ఆ ఏటి చివరలో దానికి అనుమతి లభించెను. శుద్ధి విలువ క్షుణ్ణముగా ఎరిగినవారికి గాని, దానిని ఎక్కడ విడువవచ్చునో తెలియదు.

ముందు చెప్పిన సిగ్నర్ మాట ఒకటి మిగిలినది. 1950 మే నెలలో ఆయన లండనులోని ఒక సభకు 15 గ్రాముల డి.ఎన్.ఎ.ను సీసాలో తెచ్చి, అడిగినవారికి ఉచితముగా పంచిపెట్టెను. మారిస్ విల్కిన్స్ అను శాస్త్రజ్ఞుడు తన వంతు తీసికొని, తడిపిన ఆ పదార్థమును గాజుకడ్డీతో తాకి పైకెత్తగా సాలెపోగువంటి దారము సాగి వచ్చెను. రోజలిండ్ ఫ్రాంక్లిన్, రేమండ్ గాస్లింగ్ 1952లో తీసిన ప్రఖ్యాతమైన ఎక్స్-కిరణచిత్రము కూడ సిగ్నర్ ఇచ్చిన పదార్థముతో తీసినదే. మరుసటి యేట డి.ఎన్.ఎ.యొక్క జంటపేట నిర్మాణము తేలెను. నిర్మాణము కనుగొన్నవారి పేర్లు బడిపిల్లలందరికిని తెలియును. పోగు తెగకుండ తీసియిచ్చిన చేతి పేరు ఎవరును చెప్పరు.

ఈ ప్రసంగము వినుచున్న ఉపాధ్యాయులకు నా విన్నపమొకటి. ఒక ఉల్లిగడ్డను తరిగి, ఉప్పునీటిలో కొంచెము షాంపూ కలిపి మెత్తగా నలిపి, పలుచని గుడ్డతో వడగట్టి, ఆ తేటను గాజుగ్లాసులో పోసి, బాగుగా చల్లార్చిన స్పిరిటును గ్లాసు అంచు వెంబడి మెల్లగా జార్చుడు. రెండు పొరల నడుమ తెల్లని పోగులు మబ్బువలె లేచును. పిల్లలచేత గాజుకడ్డీతో చుట్టించుడు, తొందరపడవద్దని చెప్పుడు. వారి కన్నులలో వెలుగు చూచిన పిమ్మట, ఆ పోగులలో డి.ఎన్.ఎ. ఒక్కటే లేదని, ఉల్లిలోని పెక్టిన్, మాంసకృత్తులు కూడ కలిసి చుట్టుకొన్నవని, దానిని శుద్ధిచేయుటకు ఇంకను చాల పని మిగిలియున్నదని కూడ తప్పక చెప్పుడు.